షుగర్ రోగుల కొలనోస్కోపీకి వేరే కాగితం ఇవ్వాలి

సంపాదకులకు,

అయ్యా,

కొలనోస్కోపీ అనే పెద్దపేగు పరీక్షకు వెళ్ళేవారికి ఆసుపత్రిలో ముందుగా ఒక కాగితం చేతికిస్తారు. ముందు రోజు అన్నం మానాలని, ఫలానా పొడిని రెండు లీటర్ల నీళ్ళలో కలిపి తాగాలని, మరునాడు పరగడుపున రావాలని అందులో ఉంటుంది. వేరే జబ్బేమీ లేనివారికి అది సరిపోతుంది. ఇరవై ఏళ్ళుగా మాత్రలతోనో ఇన్సులిన్‌తోనో నెట్టుకొస్తున్న షుగర్ రోగికి కూడా అదే కాగితం ఇస్తే ఏమవుతుందో గత ఏడాది మా కుటుంబంలో రెండుసార్లు చూశాను కనుక ఈ లేఖ రాస్తున్నాను. నేను కావలిలో ఉంటున్న విశ్రాంత ఉపాధ్యాయుడిని, వైద్యుడిని కాను. ఇందులోని వైద్య విషయాలు ఆ తరువాత నాకు పరీక్ష చేసిన వైద్యుడిని అడిగి తెలుసుకున్నవి, చదివి సరిచూసుకున్నవి.

మలంలో రక్తపు చారలు కనిపించడంతో నెల్లూరులోని ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళితే కొలనోస్కోపీ రాశారు. పరీక్షకు మధ్యాహ్నం 2 గంటల సమయం ఇచ్చారు. కాగితం అర పేజీ, అదీ ఇంగ్లీషులో. అందులో షుగర్ ప్రస్తావనే లేదు. కౌంటరు దగ్గరి అమ్మాయిని అడిగితే, "రేపు పొద్దున షుగర్ మాత్ర వేసుకోకండి సార్" అని చెప్పింది. ఆ అమ్మాయి చెప్పినది తప్పు కాదు, సగమే చెప్పింది. ముందు రోజు పగలంతా అన్నం లేకుండా గడిపిన నేను, మానమన్నది మరునాటి మాత్రనే కదా అనుకుని, ఆ రాత్రి అలవాటు ప్రకారం గ్లిమిపిరైడ్ అనే షుగర్ మందు ఉన్న మాత్ర వేసుకున్నాను. రాత్రి ఒంటిగంట దాటాక మరుగుదొడ్డి నుంచి తిరిగి వస్తూ గోడ పట్టుకుని నిలబడిపోయాను. ఒళ్ళంతా చల్లటి చెమట, చేతుల్లో వణుకు, మాట తడబడడం చూసి మా ఇంటావిడ గ్లూకోమీటరు తెచ్చి వేలికి పొడిచి చూస్తే 52 వచ్చింది. డెసిలీటరుకు 70 మిల్లీగ్రాములకు తగ్గితే వెంటనే చక్కెర వేసుకోవాలని మాకు తెలియనిది కాదు. అయినా చక్కెర నీళ్ళు తాగితే పరగడుపు చెడిపోతుందేమో, పరీక్ష చేయరేమో, తాగిన రెండు లీటర్లూ వృథా అవుతాయేమో అని ఇద్దరం తటపటాయిస్తూ కూర్చున్నాము. 52 దగ్గర మనిషికి ఆలోచన సరిగా సాగదు కనుక నా తటపటాయింపును క్షమించవచ్చు. కాగితంలో ఒక్క వాక్యం ఉండి ఉంటే ఆవిడకు ఆ సందేహం కూడా కలిగేది కాదు.

ఆ వాక్యం ఏమిటంటే, చక్కెర కలిపిన నీళ్ళు తేట ద్రవమే, దానివల్ల పేగు పరీక్ష చెడదు. మూడు చెంచాల చక్కెర, అంటే సుమారు 15 గ్రాములు, అర గ్లాసు నీళ్ళలో కలుపుకుని తాగి, 15 నిమిషాలు ఆగి మళ్ళీ చూసుకోవాలి, 70 దాటకపోతే మళ్ళీ అంతే తాగాలి. పరీక్షకు రెండు గంటల లోపల ఇలా తాగవలసి వస్తే ఆ సంగతి మత్తు ఇచ్చే వైద్యుడికి చెప్పాలి. ఆయన కాసేపు ఆగి మొదలుపెడతారు, అంతకు మించి ముంచుకొచ్చేదేమీ లేదు. కొందరు గుండె జబ్బుకో రక్తపోటుకో బీటా బ్లాకర్ మాత్రలు వాడుతుంటారు. వాళ్ళకు గుండెదడ, వణుకు లాంటి ముందస్తు సూచనలు సరిగా తెలియవు. ఒంట్లో బాగానే ఉందని ఊరుకోకుండా మూడు నాలుగు గంటలకొకసారి గ్లూకోమీటరుతో చూసుకోవడం వారికి మరీ అవసరం.

మరునాడు 2 గంటల పరీక్ష 4 గంటలకు మొదలైంది. పేగు కుడివైపు భాగం శుభ్రం కాలేదని మధ్యలోనే ఆపేశారు. చీటీ మీద రాసిన కారణం మాత్రం రోగి సరిగా సిద్ధపడలేదని. కాగితంలో ఉన్నది ఉన్నట్టు చేసిన వాడికి ఆ మాట కష్టంగానే ఉంటుంది. చెల్లించిన డబ్బు సంగతి ఎత్తను, అది అందరికీ ఉన్న బాధే.

పేగు ఎంత శుభ్రమైందో కొలిచే పద్ధతి ఒకటి ఉందని, దానికి బోస్టన్ స్కేలు అని పేరని తరువాత తెలిసింది. పెద్దపేగును కుడి, మధ్య, ఎడమ అని మూడు భాగాలు చేసి ఒక్కొక్కదానికి 0 నుంచి 3 దాకా మార్కులు వేస్తారు. మొత్తం 9. ప్రతి భాగానికీ కనీసం 2 రావాలి. మొత్తం మీద ఎన్ని వచ్చినా ఒక్క సబ్జెక్టు పోతే తప్పినట్టే లెక్క, మన పదో తరగతి లాగానే. నేను తప్పిన సబ్జెక్టు కుడివైపు భాగం. దానికి కారణం కూడా ఉంది. మందు మొత్తం ముందు సాయంత్రమే తాగేస్తే, తెల్లవారేసరికి చిన్నపేగు నుంచి జిగట రసాలు దిగి మొదట కుడివైపు పేగుకే అంటుకుంటాయి. అందుకే ఇప్పుడు సగం మందు ముందు సాయంత్రం, మిగిలిన సగం పరీక్షకు నాలుగు నుంచి ఆరు గంటల ముందు తాగి, కనీసం రెండు గంటల ముందే ముగించాలని చెబుతారు. నా కాగితంలో రెండు లీటర్లూ సాయంత్రం 6 నుంచి 8 లోపల తాగాలని ఉంది.

షుగర్ రోగికి దీనికి తోడు మరో చిక్కు ఉంది. చాలా ఏళ్ళ షుగర్ వల్ల అరికాళ్ళ నరాలు మొద్దుబారి మంటలు రావడం మనందరం ఎరిగినదే. అదే తీరుగా కడుపును, పేగులను కదిలించే నరాలు కూడా దెబ్బతింటాయి. తిన్నది కడుపులోంచి కిందికి దిగడం ఆలస్యమవుతుంది, పేగుల కదలిక మందగిస్తుంది, మలబద్ధకం వస్తుంది. ఇలాంటి వారు అందరిలాగా పావుగంటకొక గ్లాసు తాగితే కడుపు ఉబ్బి వాంతి చేసుకుంటారు, లేదా అంతా తాగినా పేగు పూర్తిగా కడగబడదు. పేగు శుద్ధి సరిగా జరగని వారిలో షుగర్ ఉన్నవారి వంతు ఎక్కువని వైద్యులు ఎన్నో ఏళ్ళుగా గమనిస్తూనే ఉన్నారు. తెలిసిన సంగతే కనుక దానికి తగిన ఏర్పాటు ముందే ఉండాలి. రెండు మూడు రోజుల ముందు నుంచే పీచు తగ్గించిన తిండి, మలబద్ధకం ఉంటే ముందుగా ఒక విరేచనకారి, మందును నింపాదిగా తాగడానికి ఎక్కువ సమయం, ఇవన్నీ వైద్యుడు మనిషిని చూసి రాయవలసినవి.

ఇక మందుల సంగతి. నా ఉద్దేశంలో అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. "షుగర్ మాత్ర ఆపండి" అనే సూచన మన జిల్లాల్లో పనికిరాదు, ఎందుకంటే ఒక్క మాత్రలోనే రెండు మూడు మందులు కలిపి ఉంటాయి, వాటి పేర్లు రోగికి తెలియవు. పొద్దుటి మాత్ర, రాత్రి మాత్ర, పొడుగు మాత్ర అని గుర్తు పెట్టుకుంటాము. మందుల షాపువాడు అట్ట కత్తిరించి ఇచ్చిన ముక్క మీద పేరు సగమే మిగిలి ఉంటుంది. కానీ ఒక్కొక్క మందు గుణం ఒక్కొక్కటి. గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటివి తిన్నా తినకపోయినా ఒంట్లో ఇన్సులిన్‌ను పిండి షుగర్‌ను దించేస్తాయి కనుక తేట ద్రవాల మీద ఉన్న రోజు నుంచే ఆపిస్తారు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే షుగర్ అంతగా పడిపోదు గాని, ఒంట్లో నీరు తగ్గి కిడ్నీల మీద భారం పడే సమయం కనుక దాన్ని కూడా ఆపమనే వైద్యులే ఎక్కువ. మళ్ళీ మామూలు భోజనం మొదలయ్యాక వీటిని కొనసాగిస్తారు.

డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటివి వేరే కోవకు చెందినవి. ఇవి చక్కెరను మూత్రంలో బయటికి పంపుతాయి. మన దేశంలో మొదటిదాని పేటెంటు 2020లోను, రెండోదానిది 2025 మార్చిలోను ముగిశాక చాలా కంపెనీలు తయారు చేయడంతో ధరలు దిగి, ఇప్పుడవి చిన్న ఊళ్ళ మందుల షాపుల్లోనూ విరివిగా అమ్ముడవుతున్నాయి. గుండె బలహీనతకూ కిడ్నీ రక్షణకూ కూడా వీటిని రాస్తున్నారు కనుక, తాను వాడుతున్నది షుగర్ మందు కూడానని తెలియనివారు ఉన్నారు. తిండి లేకుండా, నీరు కోల్పోతూ ఈ మందులు వాడితే రక్తంలో కీటోన్లు అనే ఆమ్లాలు పేరుకుని ప్రాణాపాయం దాకా పోవచ్చు. ఆ సమయంలో గ్లూకోమీటరులో షుగర్ మామూలుగానో కొంచెం ఎక్కువగానో కనిపించి మోసం చేస్తుంది. వికారం, వాంతులు, కడుపునొప్పి, ఆయాసం దాని లక్షణాలు; ఆయాసం తప్ప మిగిలినవన్నీ పేగు శుద్ధి మందు తాగినవారికి మామూలుగా ఉండే ఇబ్బందులే కనుక ఎవరికీ అనుమానం రాదు. ముందే నిర్ణయించిన శస్త్రచికిత్సలకు కనీసం 3 రోజుల ముందు వీటిని ఆపాలని, అదే కోవలోని ఎర్టుగ్లిఫ్లోజిన్ అయితే 4 రోజుల ముందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020లోనే మందుల వివరపత్రాలలో చేర్పించింది. తిండి మానడమూ నీరు పోవడమూ కొలనోస్కోపీలోనూ ఉన్నవే కనుక, వైద్యులు ఆ లెక్కనే దీనికీ పాటిస్తున్నారు. పరీక్షకు ముందు రోజు కాగితం ఇస్తే ఈ మందు వాడేవారికి అప్పటికే ఆలస్యమైపోయినట్టు. వారం ముందు ఇవ్వాలని నేను పట్టుబట్టడానికి కారణం ఇదే.

షుగర్‌కు వారానికొకసారి వేసుకునే సెమాగ్లుటైడ్, డులాగ్లుటైడ్ ఇంజెక్షన్లు కడుపు ఖాళీ కావడాన్ని నెమ్మదింపజేస్తాయి. మత్తు ఇచ్చేటప్పుడు కడుపులో పదార్థం ఉంటే ఊపిరితిత్తులలోకి పోయే ప్రమాదం ఉంటుందని 2023లో అమెరికా మత్తు వైద్యుల సంఘం వారం ముందు ఆపమంది. 2024లో కొన్ని సంఘాలు కలిసి ఆ మాటను సడలించి, మనిషిని బట్టి నిర్ణయించమన్నాయి. నిపుణుల మాటే ఏడాదిలో మారిందంటే దీన్ని రోగి ఊహకు వదలకూడదు. వేసుకుంటున్నామని మాత్రం మనం చెప్పి తీరాలి.

ఇన్సులిన్ గురించి మా అక్క అనుభవం చెబుతాను. ఆమెది ఉదయగిరి దగ్గర ఒక పల్లె. రోజుకు రెండుసార్లు 30/70 మిశ్రమ ఇన్సులిన్ వేసుకుంటుంది. నా పరీక్ష అయిన రెండు నెలలకు ఆమెకూ రక్తహీనత వల్ల ఇదే పరీక్ష రాశారు, వేరే ఆసుపత్రిలో. నన్ను అడగనూ లేదు, నాకు చెప్పనూ లేదు. తెల్లవారుజామున మూడింటికి లేచి మిగిలిన లీటరు మందు తాగి, ఎప్పటిలాగే ఇన్సులిన్ వేసుకుని, మొదటి బస్సు ఎక్కింది. ఎందుకు వేసుకున్నావక్కా అంటే, "ఇంజెక్షను ఒక్కపూట గూడా మానగూడదని వాళ్ళే గదరా చెప్పింది" అని నన్నే అడిగింది. నిజమే, ఇరవై ఏళ్ళుగా మనం ఆమెకు నేర్పిన పాఠం అదే. ఆత్మకూరు దాటాక బస్సులో కళ్ళు తిరిగి సీట్లోనే ఒరిగిపోయింది. పక్కన కూర్చున్న పుణ్యాత్ములెవరో బిస్కెట్లు తినిపించారు. ప్రాణం నిలిచింది, పరీక్ష వాయిదా పడింది, ఎందుకంటే బిస్కెట్టు తేట ద్రవం కాదు. సంచిలో గ్లూకోజు పొడి పొట్లమో చక్కెర నీళ్ళ సీసానో ఉండి ఉంటే రెండూ దక్కేవి. ఇన్సులిన్ పూర్తిగా మానడమూ ప్రమాదమే. ముఖ్యంగా, ఎక్కువగా చిన్నతనంలో మొదలయ్యే టైప్ 1 షుగర్ ఉన్నవారు రోజంతా పనిచేసే ఇన్సులిన్‌ను ఎట్టి పరిస్థితిలోనూ మానకూడదు. భోజనం కోసం వేసుకునేది భోజనం లేనప్పుడు వద్దు. రోజంతా పనిచేసేదాన్ని కొంత తగ్గిస్తారు. రెండూ కలిసిన మిశ్రమంలో ఒకటి ఆపి ఒకటి ఉంచడం కుదరదు కనుక అక్కడే లెక్క కష్టమవుతుంది, ఎన్ని యూనిట్లు వేసుకోవాలో వైద్యుడు అంకె వేసి రాయాల్సిందే. "తగ్గించి వేసుకోండి" అంటే మా అక్క ఒక యూనిట్ తగ్గిస్తుంది.

ఆ బస్సు ప్రయాణంలో ఇంకో బాధ ఉంది, మర్యాద కోసం ఎవరూ రాయరు. లీటరు విరేచనపు మందు తాగిన గంటలోపల గంటల తరబడి సాగే బస్సు ప్రయాణం ఎలా చేయాలి? దారిలో బస్టాండు మరుగుదొడ్లు ఏ స్థితిలో ఉంటాయో చెప్పనక్కరలేదు. ఆడవాళ్ళు ఈ భయంతోనే రెండో సగం తాగకుండా పారబోస్తారు, అడిగితే తాగామని చెబుతారు. కనిగిరి, ఉదయగిరి, మార్కాపురం వైపుల నుంచి వచ్చేవారికి ముందు రాత్రి ఆసుపత్రి దగ్గరలో ఉండే వీలు కల్పిస్తే పేగు శుద్ధి సగం బాగుపడుతుందని నా నమ్మకం. మా అక్కకు రెండోసారి మా ఇంట్లోనే పెట్టుకుని చేయించాము. అప్పుడు కూడా, మోకాళ్ళ నొప్పులున్న మనిషి రాత్రి పదిసార్లు లేవడం, తడి నేల, షుగర్ తగ్గి తూలడం చూసి, వరండాలో లైటు వెలుగుతూ ఉంచి, ఒక కమోడ్ కుర్చీ అద్దెకు తెచ్చాము. వయసు మళ్ళిన షుగర్ రోగిని ఆ రాత్రి ఒంటరిగా ఉంచరాదన్న మాట కూడా కాగితంలో ఉండదగినదే.

తిండి విషయంలో షుగర్ రోగి మనసుకు ఒక చిత్రమైన ఇబ్బంది కలుగుతుంది. ఏళ్ళ తరబడి తెల్లన్నం తగ్గించు, కొర్రలు తిను, ఆకుకూరలు తిను, జామకాయ తిను, చక్కెర ముట్టకు అని చెప్పిన వైద్యమే, ఈ మూడు రోజులు వీటన్నిటినీ తిరగేసి చెబుతుంది. కొర్రలు, సజ్జలు, రాగులు వద్దు. గోంగూర, మునగాకు వద్దు. వంకాయ, టమాటా, జామ లాంటి గింజలున్నవి వద్దు. నువ్వుల పొడి వద్దు. తెల్లన్నం, ఇడ్లీ, కూరగాయ ముక్కలు లేని ఉప్మా, పలుచని పప్పుకట్టు, గుడ్డు పరవాలేదు. మొలగొలుకుల అన్నం మీద మమకారం చంపుకోలేని నెల్లూరు మనిషికి వైద్యుడే తెల్లన్నం తినమనే రోజులు జీవితంలో ఇవే అనుకుంటాను. మా చిన్నతనంలో పెద్దవాళ్ళు ఏడాదికొకసారి పిల్లలకు ఆముదం తాగించి, ఆ పూటకు చారన్నం మాత్రమే పెట్టేవారు. విదేశాల్లో కూడా, నీళ్ళలో కలిపే పాలిఇథిలిన్ గ్లైకాల్ పొడి 1980లో రూపొందే వరకు, రోజుల తరబడి ద్రవాహారం, ఆముదం, ఎనిమాలే పేగు శుద్ధికి ఆధారమట. ఆ చారన్నంలో ఇంత శాస్త్రం ఉందని అప్పట్లో ఏడ్చిన మాకేం తెలుసు.

చివరి రోజు తేట ద్రవాలు మాత్రమే. తేట అంటే గ్లాసు అవతల అక్షరాలు కనిపించాలి. మజ్జిగ తేట కాదు, రాగి జావ కాదు, గంజి కాదు, పాలు పోసిన టీ కాదు. ఈ నాలుగూ తాగి పేగు పాడుచేసుకునేవారే మనలో ఎక్కువ. మజ్జిగ ఒంటికి చలువ కదా అని నేనూ మొదటిసారి ఒక గ్లాసు తాగిన వాడినే. వడగట్టిన నిమ్మనీళ్ళు, పాలు లేని టీ, వడగట్టిన చారు తేట, కొబ్బరినీళ్ళు తాగవచ్చు. గూడూరు నిమ్మకాయలు పండే మన ప్రాంతంలో పైసా ఖర్చు లేని మందు నిమ్మనీళ్ళే, గుజ్జు గింజ పడకుండా వడకడితే చాలు. ఎరుపు, ఊదా రంగు షర్బత్‌లు మాత్రం వద్దు, లోపల రక్తమని భ్రమ పడతారు. షుగర్ రోగి ఆ రోజు చక్కెర లేని ద్రవాలే తాగాలనుకోవడం పొరపాటు. అన్నం నుంచి రావలసిన పిండిపదార్థం రాదు కనుక భోజనం వేళకు కొంత చక్కెర కలిపిన నిమ్మనీళ్ళు తాగాలి, మధ్యలో దాహానికి ఉత్త నీళ్ళు తాగాలి, గ్లూకోమీటరులో కనిపించే అంకెను బట్టి చక్కెర హెచ్చించుకోవాలి తగ్గించుకోవాలి. ఒక పూటకు 150, 180 ఉన్నా నష్టం లేదు. ఆ రాత్రి భయపడవలసింది పైకి పోయే షుగర్ కన్నా కిందికి జారే షుగర్‌కే.

కొబ్బరినీళ్ళలో పొటాషియం ఎక్కువ కనుక కిడ్నీ జబ్బు ఉన్నవారు అడగనిదే తాగరాదు. కిడ్నీల సంగతి ప్రత్యేకంగా ఎత్తడానికి కారణముంది. ఏళ్ళ తరబడి షుగర్ ఉన్నవారిలో చాలామందికి తెలియకుండానే కిడ్నీలు కొంత దెబ్బతిని ఉంటాయి. చిన్న సీసాలో వచ్చే సోడియం ఫాస్ఫేట్ ద్రావణం తాగడానికి సులువుగా ఉన్నా కిడ్నీలను దెబ్బతీయగలదని 2008లోనే అమెరికాలో తీవ్రమైన హెచ్చరిక ఇచ్చారు. మెగ్నీషియం ఉన్న మందులతోనూ కిడ్నీ రోగులకు జాగ్రత్త అవసరమే. రెండు లీటర్ల పొడిమందు తాగడం ఎంత కష్టమైనా అది ఒంటికి పట్టకుండా పేగులోంచే బయటికి పోతుంది, షుగర్‌ను పెంచదు. షాపులో ఇది లేదు అది తీసుకోండి అంటే తీసుకోవద్దని, పరీక్షకు ముందు కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష ఒకసారి చేయించుకోవాలని కాగితంలో ఉండాలి. రోహిణి కార్తె ఎండల్లో ఈ పరీక్ష పెట్టుకున్నవారు ఒంట్లో నీటిని మూత్రంగా పోగొట్టే రక్తపోటు మాత్రల గురించి కూడా అడగాలి. ఐరన్ మాత్రలు మలాన్ని నల్లగా జిగటగా చేస్తాయి కనుక అయిదు నుంచి ఏడు రోజుల ముందు ఆపిస్తారు. రక్తం పలుచబడే మందులను మాత్రం సొంతంగా ఆపకూడదు, స్టెంటు వేయించుకున్నవారు అసలే ఆపకూడదు.

మూడు వారాల తరువాత నేను వేరే ఆసుపత్రిలో మళ్ళీ చేయించుకున్నాను. అక్కడి నర్సు చేసినది గొప్ప పనేమీ కాదు. వాడే మందుల అట్టలన్నీ సంచిలో వేసుకుని తెమ్మంది. ఒక్కొక్కటీ చూసి, వైద్యుడిని అడిగి, ఏది ఏ రోజు నుంచి ఆపాలో, మళ్ళీ ఏ పూట మొదలుపెట్టాలో తెలుగులో రాసిచ్చింది. ఉదయం 8 గంటలకు మొదటి పరీక్ష నాదే పెట్టింది. రాత్రి షుగర్ తగ్గితే ఫోన్ చేయమని నంబరు రాసింది. చివరి విరేచనం నిమ్మనీళ్ళలా పలుచని పసుపు రంగులో, అడుగు కనిపించేలా ఉంటే పేగు శుభ్రమైనట్టని, మట్టి రంగులో ఉంటే బయలుదేరే ముందే చెప్పమని చెప్పింది. ఈసారి మూడు భాగాలకూ మంచి మార్కులే వచ్చాయి. కుడివైపు పేగులో రెండు చిన్న పాలిప్‌లు, అంటే పేగు గోడ మీద పెరిగే బుడిపెలు, కనిపిస్తే అప్పుడే తీసేశారు. మొదటిసారి మురికి కింద కనపడకుండా పోయింది సరిగ్గా ఆ భాగమే.

మన దేశంలో షుగర్ ఉన్నవారు 10.1 కోట్లమంది అని భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగిన అధ్యయనం 2023లో తేల్చింది. టైప్ 2 షుగర్ ఉన్నవారికి పెద్దపేగు క్యాన్సర్ ముప్పు మిగిలినవారి కన్నా కొంత ఎక్కువ. ఊళ్ళలో ప్రభుత్వం చేయించే క్యాన్సర్ పరీక్షలు నోటికి, రొమ్ముకు, గర్భాశయ ముఖద్వారానికి పరిమితం కనుక, పెద్దపేగు జబ్బు బయటపడేది లక్షణాలు వచ్చి ఇలాంటి పరీక్షకు వెళ్ళినప్పుడే. అంత కష్టపడి వెళ్ళిన షుగర్ రోగి సగం పరీక్షతో తిరిగి వస్తే, మళ్ళీ వెళ్ళేవారు ఎందరుంటారు? మా వీధిలోనే ఒక పెద్దమనిషి "చాల్లే అబ్బయ్యా, ఒకసారి అయింది గదా" అని రెండోసారికి వెళ్ళనే లేదు.

నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల అధికారులను, రెండు జిల్లాల ప్రైవేటు ఆసుపత్రుల యాజమాన్యాలను నేను కోరేది ఖర్చుతో కూడినది కాదు. షుగర్ ఉందా అని పేరు రాసుకునేటప్పుడే అడగండి. ఉంటే వారం ముందే తెలుగులో వేరే కాగితం ఇవ్వండి. ఉదయం మొదటి సమయాలు వారికి ఉంచండి, ఇన్సులిన్ వేసుకునేవారిని మధ్యాహ్నానికి తోయకండి. చదవలేని వారికి ఆశా కార్యకర్త చేత ముందు రోజు ఒకసారి చెప్పించండి. రోగి సిద్ధపడలేదని రాసే ముందు, అతనికి ఏం చెప్పామో ఒకసారి చూసుకోండి.

నాకు రెండోసారి పరీక్ష చేసిన వైద్యుడు దిద్ది ఇచ్చిన రెండు పేజీల తెలుగు కాగితం నకలు ఈ లేఖతో జతచేస్తున్నాను. మందుల పేర్లు, తేదీలు, ఇన్సులిన్ యూనిట్లు రాయవలసిన చోట్లు ఖాళీగా ఉన్నాయి, అవి ఎవరి వైద్యుడు వారికి చేతితో నింపవలసినవి. రాత్రి ఫోన్ నంబరుకు కూడా ఒక గడి ఉంచాము. మీ జిల్లా సంచికలో స్థలం ఉంటే ఆ కాగితాన్ని ప్రచురించవలసిందిగా ప్రార్థన.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
కావలి.